నల్లా రాని వీధిలో వరద

చింతకింది వామనరావు లంచగొండి అయ్యుంటే నా ఇల్లు నాకు మిగిలేది. ఎంతో కొంత తీసుకుని, పని చెయ్యకుండా ఏడాది తిప్పుకునేవాడు. నేను తిట్టుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ణి, రావడానికి ఇల్లంటూ ఉండేది. ఆయన నిజాయితీపరుడు. పైగా దయగలవాడు. మా నగరపాలక సంస్థలో డిప్యూటీ కమిషనరు. ఆయన దయ మా మీద పడిన నాటి నుంచి మేం కోలుకోలేదు.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. టెంట్‌హౌస్ నడుపుతాను. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిస్తాను. పెళ్లికైనా దినానికైనా ఈ చుట్టుపక్కల జనం కూర్చునేది నా కుర్చీల్లోనే. రాతలో తప్పులుంటే సర్దుకోండి. జరిగిందాంట్లో మాత్రం తప్పు లేదు, అంతా రూలు ప్రకారమే జరిగింది.

నా తమ్ముడు రాజలింగు గల్ఫులో ఏడేళ్లు ఇటుకలు మోశాడు. ఆ డబ్బుతోనే స్థలం కొన్నాం, రెండు గదులు వేశాం. వాడు అక్కడ ఉన్నాడు కనక కాయితం నా పేరు మీద రాయించాం. ఆ తర్వాత వాడి కంపెనీ జీతం ఎగ్గొట్టింది. వాడు బయటికొచ్చి దొరికిన పని చేసుకున్నాడు. కంపెనీ విడిచి, అకామా అనే అక్కడి ఉనికి కార్డు లేకుండా బతికేవాణ్ణి మావాళ్లు ఖల్లివల్లి అంటారు. ఒక శుక్రవారం అక్కడి పోలీసులు గది తలుపు కొట్టి, లోపల ఉన్నవాళ్లందరినీ వ్యానెక్కించారు. అందులో మావాడొకడు. జరిమానా కట్టి, టికెట్టు కొనిస్తే పంపుతారని, లేకపోతే లోపలే ఉంచుతారని కబురొచ్చింది. అంతా కలిపి లక్ష.

వాడి భార్య సువర్ణ ఒక్క రోజు ఏడ్చింది. రెండో రోజు కళ్లు తుడుచుకుని నా ముందు నిలబడింది.

"బావా, ఇల్లు అమ్ముదాం. మనిషి ఉంటే ఇల్లు మల్ల కట్టుకోవచ్చు."

"అమ్మేది లేదు. ఆడు ఇటుకలు మోసి కట్టిన ఇల్లు ఆణ్ణి తెచ్చుటానికే అమ్మితే, ఆడొచ్చి యాడ పండుకుంటడు? నా షామియానా కిందనా?"

"మరి లక్ష యాడికెల్లి తెస్తవ్?"

"కార్పొరేషన్ ఇస్తదట. పేపర్ల వచ్చింది."

నిజంగానే వచ్చింది. గల్ఫులో పట్టుబడినవాళ్ల కుటుంబాలకు తలా లక్ష, ఇరవై నాలుగు గంటల్లో అత్యవసర సాయం అని కౌన్సిలు తీర్మానం చేసింది. చప్పట్లు కొట్టారు. మా ఊరు మున్సిపాలిటీగా ఉన్నప్పుడు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. కార్పొరేషన్ అయ్యాక నాలుగు రోజులకోసారి వస్తోంది. అయినా చప్పట్ల విషయంలో మాత్రం మా ఊరు బాగా ఎదిగింది.

మొదటి దరఖాస్తు నాదే. వామనరావు నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆ ఆఫీసులో నేను అద్దెకివ్వని కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఆయన అకౌంట్స్ ఆఫీసరు శేషఫణిని పిలిపించాడు. శేషఫణి ఒక లావుపాటి పుస్తకంతో వచ్చి నిలబడ్డాడు.

"పద్దు లేదండీ" అన్నాడు శేషఫణి. "తీర్మానం ఉంది, నిధి ఉంది, పత్రికా ప్రకటన ఉంది. ఖర్చు రాయడానికి పద్దు లేదు. అత్యవసర సహాయమంతా విపత్తుల పద్దు కింద రాయాలి. గల్ఫు పోలీసులు మన విపత్తుల జాబితాలో లేరు."

"ఉన్నవేమిటి?"

"వరద, అగ్నిప్రమాదం, పిడుగు, వడదెబ్బ, పాముకాటు."

వామనరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లబ్ధిదారుడు రిక్తహస్తాలతో వెనుదిరగరాదు. జాబితాలో ఉన్నవాటిలో ప్రస్తుత పరిస్థితికి సమీప విపత్తు ఏది?"

"వడదెబ్బ సార్. అక్కడ ఎండలెక్కువ. కానీ వడదెబ్బకు శవపరీక్ష నివేదిక జతపరచవలెను."

వామనరావు నావైపు తిరిగాడు. "మీ సోదరుడు జీవించే ఉన్నారు కదా?"

"ఉన్నడు సార్."

"అదొక ఇబ్బంది" అన్నాడు ఆయన, నిజంగా నొచ్చుకుంటూ. "పిడుగుకూ, పాముకాటుకూ కూడా ఇదే అడ్డంకి. అగ్నిప్రమాదమైతే గృహం దగ్ధమై ఉండాలి. గృహం దగ్ధం కావడానికి మీకేమైనా అభ్యంతరమా?"

"ఉన్నది సార్."

"శేషఫణి గారూ, అభ్యంతరం నమోదు చేయండి. ఇక మిగిలింది వరద. వరద సాత్వికమైన విపత్తు. తడుపుతుంది, ఆరుతుంది. పైగా హఠాత్తుగా వచ్చి మనిషిని పట్టుకుపోయే లక్షణం రెండింటికీ సమానమే."

బయట మే నెల ఎండ. ఆఫీసు కూలరులో పోయడానికి నీళ్లు లేక, అది ఉత్త గాలి విసురుతోంది. ఆ గాలిలో నా వరద కాయితం ఎగిరిపోకుండా శేషఫణి దాని మీద పేపరువెయిట్ పెట్టి రాయడం మొదలుపెట్టాడు. కొట్టుకుపోయినవి అనే గడి దగ్గర ఆగాడు. పాడిపశువులు, మేకలు, కోళ్లు, ఇతరములు అని ఉన్నాయక్కడ.

"ఇతరములు: రాజలింగు, ఒకటి" అని రాసుకుని, "రంగు?" అన్నాడు.

"చామనఛాయ సార్."

"కొమ్ములు?"

"లేవు."

నేను సంతకం పెట్టాను. ఆరో తరగతి దాకా నేర్చుకున్న సంతకం, గుండ్రంగా, ఎవరైనా చదవగలిగేటట్టు. బయటికొచ్చాక చూస్తే నా వెనక ముప్పై మంది దాకా వరసలో ఉన్నారు, అందరూ గల్ఫు ఇళ్లవాళ్లే. నా పని ఎలా తేలుతుందో చూసి తక్కినవాళ్లవి చేస్తామని వామనరావు చెప్పాడు. నన్ను ప్రయోగాత్మక లబ్ధిదారు అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది కూడా.

మర్నాడు ఫీల్డు మీదికి వచ్చిన వార్డు సిబ్బంది ఇల్లంతా తిరిగి చూసి తలలూపారు. వరద బాధితుల ఇంట్లో కనీసం అడుగు ఎత్తు నీళ్లుండాలి. పక్కన కొలబద్ద పెట్టి, జాగా గుర్తు పడేలా ఫోన్లో ఫొటో తియ్యాలి. మా ఇంట్లో తడి అంటే సువర్ణ అప్పుడే తుడిచిన గచ్చు ఒక్కటే. వామనరావుకు ఫోను చేశారు. ఆయన దయ అక్కడ కూడా పని చేసింది. పార్కు మొక్కలకు పోయడానికి బయల్దేరిన ట్యాంకరును మా వీధికి మళ్లించాడు.

గడపకు అడ్డంగా ఇసక బస్తాలు వేశారు. నీళ్లుపోయే తూములో గోనెసంచి కుక్కారు. మంచం ఎక్కి కూర్చోమని మాకు చెప్పి, కిటికీలోంచి పైపు లోపలికి పెట్టారు. వరద చల్లగా, ధారగా, మురికి లేకుండా వచ్చింది. అంత మంచి నీళ్లు ఆ ఇంటికి అంతకు ముందెప్పుడూ రాలేదు.

అప్పుడు పక్కింటి లింబవ్వ రెండు బిందెలతో దిగింది. నడుముకొకటి, నెత్తినొకటి.

"ఓ భూమన్నా, మీ ఇంట్ల వరద వచ్చిందట గదా. జర జరుగు, రెండు బిందెలు ముంచుకుంట."

"అవ్వా, ముట్టకు! అది సర్కారు వరద."

"సర్కారుదైతే అందరిది గాదా? నీ ఒక్కనికే రాసిచ్చిండ్రా?"

ఆమె వెనకాల వీధి వీధంతా వచ్చింది. బిందెలు, బకెట్లు, పప్పు గుండిగెలు, ఒకాయనైతే స్కూటరు కడగాలని మగ్గుతో వచ్చాడు. ఎనిమిది అంగుళాలు ఎక్కిన వరద పావుగంటలో మూడు అంగుళాలకు దిగింది. సిబ్బంది గగ్గోలు పెట్టారు. రెండో ట్యాంకరు తెప్పించారు. దానికి తోడు, వరదను ప్రజల నుంచి కాపాడడానికి ఇద్దరు కానిస్టేబుళ్లను గుమ్మం ముందు నిలబెట్టారు.

లింబవ్వ వాళ్లతో తగువేసుకుంది. "నాల్రోజులైంది నల్లా రాక. మనుషులకు లేని నీళ్లు గోడలకు పోస్తున్రు. థూ, మీ వరద పాడుగాను!"

ఫొటో తియ్యబోతే ఇంకో చిక్కొచ్చింది. సువర్ణ పిల్లలిద్దరూ మంచం దిగి నీళ్లలో పడి ఈదుతున్నారు. వాళ్లను చూసి, రెండు వారాల తర్వాత మొదటిసారి, సువర్ణ నవ్వింది.

"అమ్మా, నవ్వద్దు" అన్నాడు ఫొటో తీసేవాడు. "ముంపు గిది. మీ ఆయన కొట్టుకపోయిండని యాదిచేసుకో."

ఆమె యాదిచేసుకుంది. ఫొటో బాగా వచ్చింది.

ముంపు తేలింది కనక, మేం ఆ ఇంట్లో ఉండడానికి వీల్లేదన్నారు. ముంపు బాధితులు పునరావాస కేంద్రంలో ఉంటేనే సాయం. పునరావాస కేంద్రం అంటే వార్డు ఆఫీసు వెనక ఖాళీ జాగాలో వేసిన షామియానా. షామియానా నాదే. కుర్చీలు నావే. మా నలుగురికి పులిహోర పొట్లాలు వండిన గుండిగ కూడా నాదే. బిల్లు సంగతి అడిగితే, బాధితుడి దగ్గర సేవలు కొనడం నిబంధనలకు విరుద్ధమని, కాబట్టి దాన్ని బాధితుడి విరాళంగా రాసుకున్నామని శేషఫణి చెప్పాడు. రసీదు కూడా ఇచ్చాడు.

మూడో రోజు మేయరమ్మ తరఫున మేయరమ్మ భర్త పరామర్శకు వచ్చాడు. మా ఊళ్లో మేయరు కుర్చీ ఆవిడది, అందులో కూర్చునేది ఆయన. కారు దిగగానే పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, దుమ్ములేచే పొడి రోడ్డు మీద ఒక్కో అడుగూ తడుముకుంటూ వేస్తూ వచ్చాడు. వెనక ఇరవై మంది అలాగే వచ్చారు. కాళ్లు కాలుతున్నా ఒక్కడూ చెప్పులు తొడుక్కోలేదు.

"ఈ వరదను రాత్రింబవళ్లు మేం పర్యవేక్షించినం" అన్నాడాయన మైకులో. "ఒక్క ప్రాణనష్టం గూడ కాలేదు. వాన లేకున్నా వరద వచ్చిందంటే, వాన వస్తే ఇంకెంత వచ్చునో మీరే ఆలోచించుండ్రి!"

తర్వాత నా చేతికి తలుపంత థర్మోకోల్ చెక్కు ఇచ్చారు. లక్ష రూపాయలు అని ఎర్రక్షరాలతో ఉంది. ఒక చివర నేను, ఒక చివర ఆయన పట్టుకున్నాం. ఫొటో అయ్యాక దాన్ని ఆటోలో వేసుకుని వెళ్లిపోయారు.

"సార్, అసలు చెక్కు?" అన్నాను వామనరావుతో.

"రేపు. ఒక చిన్న లాంఛనం మిగిలింది. ముంపు నివేదికను చెరువుల పరిరక్షణ విభాగం వారు పరిశీలించవలసి ఉంది. కేవలం లాంఛనం."

ఆ లాంఛనం పేరు నాకు తెలియదు. కుర్రవాడు, ఇంజనీరు, మెడలో కార్డు. మా ఇంటికొచ్చి గోడల మీద తడి చార కొలిచాడు. నేల మీద చెవి పెట్టి విన్నాడు. తర్వాత చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఈ నెలలో వర్షపాతం సున్నా. దగ్గర్లో వాగు లేదు. పైపులైను పగల్లేదు. అయినా అడుగున్నర నీరు నిలిచింది. శాస్త్రీయంగా దీనికి ఒక్కటే వివరణ ఉందండీ. ఇది ఊట. ఇక్కడ సహజసిద్ధమైన జలాశయం ఉంది."

"ట్యాంకరు పోసింది సార్. మా అందరి ముందల పోసింది."

"ట్యాంకరా?" కాయితాలు తిరగేశాడు. "ఆ రోజు ఈ వార్డుకు ట్యాంకరు రాలేదే. రెండూ పార్కు మొక్కలకు పోసినట్టు ఉంది."

అదీ వామనరావు దయే. ఇల్లు తడపడానికి ట్యాంకరు పంపే పద్దు లేక, మొక్కల పద్దులో వేయించాడు, నాకు ఇబ్బంది రాకూడదని.

"సార్, ముప్పై ఏండ్ల సంది నేనీ వీధిల తిరుగుతున్న. ఈడ చెర్వు లేదు, కుంట లేదు."

"అది మీ జ్ఞాపకం. ఇది మీ సంతకం" అని కాయితం తిప్పి చూపించాడు. నా ఇంట్లో నీళ్లు నిలిచాయని నేనే రాసిచ్చాను. గుండ్రంగా, ఎవరైనా చదవగలిగేటట్టు.

వారంలో పటం వచ్చింది. నీళ్లు ఎంతమేర నిలిచాయో అంతవరకే చెరువు అని తేల్చారు. నీళ్లు గోడల దాకా నిలిచాయి. కాబట్టి నా ఇల్లు ఎంతో చెరువు అంత, మూలలతో సహా. చెరువుకు కట్ట ఉండాలి కనక లింబవ్వ గోడను తూర్పు కట్టగా ప్రకటించారు. కట్టకు నష్టం కలిగించరాదని, దాని మీద పిడకలు కొట్టరాదని ఆమెకు ఉత్తర్వు ఇచ్చారు.

"మా అత్త పెట్టించిన గోడరా అది!" అని ఆమె వీధిలో నిలబడి అరిచింది. "కట్ట అంటడేంది వీడు? రేపు నన్ను చాప అంటడా?"

నాకొచ్చిన నోటీసు ఇంకా మర్యాదగా ఉంది. శ్రీయుత భూమేశ్ గారు చెరువును పూర్తిగా పూడ్చి, దానిమీద రెండు గదుల అక్రమ కట్టడం నిర్మించినందున, ఏడు రోజులలో సమాధానం ఇవ్వవలెను. నేను నోటీసు పట్టుకుని వామనరావు దగ్గరికి పరుగెత్తాను. సువర్ణ కూడా వచ్చింది.

ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లున్నాయి, నేను అబద్ధం చెప్పను.

"మీ పట్ల నాకు సంపూర్ణ సానుభూతి ఉంది. అయితే ఒక విచారకరమైన విషయం తెలియజేయవలసి ఉంది. మీ సహాయం రద్దయింది."

"అదెందుకు సార్?"

"వరద సహాయం వరదకే ఇస్తారు. మీ ఇంట్లో నీరు నిలిచింది చెరువులో కదా. చెరువులో నీరు ఉండుట విపత్తు కాదు భూమేశ్ గారూ. లేకపోవుట విపత్తు."

సువర్ణ ముందుకు వంగింది. "సార్, నేను సదువుకోలేదు, జర అర్థం చేయించుండ్రి. ఇల్లయితే గూలగొట్టరు, వరద కాబట్టి పైసలిస్తరు. చెర్వయితే పైసలియ్యరు గని, ఇల్లు గూలగొడ్తరు. రెండిట్ల మేము ఏందో మీరే చెప్పుండ్రి."

"చాలా లోతైన ప్రశ్నమ్మా" అన్నాడు వామనరావు. "పై అధికారులకు నివేదిస్తాను."

"మరి ఆ లక్ష ఏమైంది సార్?" అన్నాను నేను.

"మురిగిపోకుండా చూశాను. ప్రస్తుతం ఆ చెరువు పూర్తిగా ఎండిపోయి ఉంది. కాబట్టి చెరువునే బాధితురాలిగా గుర్తించి, దాని పేరుమీద లక్ష మంజూరు చేశాం. ఇరవై నాలుగు గంటల్లోనే."

ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. ఆ పథకం కింద సొమ్ము అందిన మొదటి బాధితురాలు అదే. ఆ సంగతి తెలిసి, నా వెనక వరసలో ఉన్న ముప్పై మందీ దరఖాస్తులు వెనక్కి తీసుకున్నారు. మావాళ్లు గల్ఫులో ఉన్నారే గాని మేం బాగానే ఉన్నామని రాసిచ్చారు. పథకం విజయవంతమై, నగరంలో బాధితులు సున్నాకు తగ్గారని పేపర్లో వచ్చింది.

ఎనిమిదో రోజు పొద్దున్నే జేసీబీ వచ్చింది. గంటన్నర పట్టింది. ఏడేళ్లు మోసిన ఇటుకలు గంటన్నరలో ట్రాక్టరెక్కాయి. సువర్ణ దేవుడి పటాలు, కుక్కరు, పిల్లల బడి సంచులు తెచ్చి నా టెంట్‌హౌస్ గోదాములో కుర్చీల దొంతర్ల మధ్య సర్దింది. ఆ లక్షతో జాగా చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టి, ఒక కావలి మనిషిని ఉంచారు. చెరువు ప్రారంభోత్సవానికి కుర్చీలు నావే వేశారు, విరాళం కింద.

రాజలింగుకు నేను ఏమీ చెప్పలేదు. జైల్లో ఉన్నవాడికి ఫోన్లో ఏం చెప్తాను? వచ్చాక చూద్దామనుకున్నాను. అయితే వాడు ఎప్పుడొస్తాడో, ఎలా వస్తాడో మాకు తెలియదు. అమ్ముకుని జరిమానా కట్టడానికి ఇల్లు కూడా లేదు.

అక్కడి సర్కారుకు మా పథకం సంగతి తెలియదు కాబట్టి, జైళ్లు నిండిపోయాయని చెప్పి ఒకరోజు జరిమానా మాఫీ చేసి, అందర్నీ వాళ్లే విమానమెక్కించారు. రూపాయి అడగలేదు. రాజలింగు ఒక ప్లాస్టిక్ సంచితో ఆటో దిగి, నేరుగా వీధిలోకి వచ్చాడు. లింబవ్వ చూసి నాకు కబురంపింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి వాడు కంచె సందులోంచి దూరి, జాగా మధ్యలో, ఎక్కడైతే వంటగది ఉండేదో అక్కడ నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. గడ్డం నెరిసింది.

"అన్నా, ఇల్లేది?"

నేను వాడి పక్కకు వెళ్లి నిలబడ్డాను. మొదటి నుంచి చెప్పాను, వరద, ట్యాంకరు, ఊట, పటం. మధ్యలో వాడు ఒక్కసారి నవ్వాడు, కొమ్ములు లేవని రాసుకున్నచోట. తర్వాత నవ్వలేదు.

"ఆడ కాయితం లేదని పట్టుకున్నరు" అన్నాడు చివరికి. "ఈడ కాయితం ఉన్నదని పట్టుకున్నరా?"

సువర్ణ పిల్లలను తీసుకుని వచ్చి కంచె అవతల ఆగింది. చిన్నది తండ్రిని గుర్తుపట్టలేదు. పెద్దవాడు గుర్తుపట్టి కంచె దాటబోయాడు.

అప్పుడు కావలి మనిషి నీడలోంచి లేచి ఈల ఊదాడు. "ఏయ్! ఎవరు మీరు? బయటికి రాండ్రి! బోర్డు సదవలేదా, లోతున్నది ఆడ! పిలగాన్ని పట్టుకోమ్మా, మునుగుతడు!"

రాజలింగు కింద మట్టి వంక చూశాడు. నా వంక చూశాడు. వంగి ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, సంచి నెత్తిన పెట్టుకుని, ఒక్కో అడుగూ తడుముకుంటూ వేస్తూ ఒడ్డుకు నడిచాడు. వాడి వెనకే నేనూ నడిచాను.

మేమిప్పుడు ఐదుగురం గోదాములో ఉంటున్నాం. పెళ్లిళ్ల రోజుల్లో కుర్చీలు బయటికి పోతాయి కనక కాళ్లు చాపుకుని పడుకుంటాం. ఎంత పోయిందని వచ్చినవాళ్లంతా అడుగుతున్నారు, చెప్పి చెప్పి నోరు నొస్తోంది. ఇక్కడ రాసి పెడుతున్నాను, చదువుకోండి. రిజిస్ట్రేషను కాయితం ప్రకారం స్థలం అరవై మూడు గజాలు. పిల్లలు ఆడుకోవడానికని గుమ్మం ముందు విడిచిన నాలుగు గజాలు కూడా అందులోవే.